రాతిమీద నిధి అని ఉంటే

మన పల్లెల్లో పాతరాతిమీద ఏ గుర్తు కనబడినా దానికి ఒకటే అర్థం చెప్పుకొంటారు. పాము ఉంటే నిధికి కాపలా. చెయ్యి ఉంటే ఐదు మూరల లోతు. కత్తి ఉంటే దాని మొన చూపిన దిక్కు. సూర్యచంద్రులుంటే రేయింబవళ్లు వెలిగే రత్నాలు. ఏ అర్థమూ తోచని గీతలుంటే నిధి మరీ పెద్దది; అందుకే గదా ఎవరికీ అర్థం కాకుండా చెక్కారు!

వీటిని తేలిగ్గా తీసివేయవచ్చు. కాని నిధి అన్న మాటే తెలుగక్షరాలలో రాతిమీద చెక్కి ఉంటే అప్పుడేమనాలి? అటువంటి రాతిని నేను చూశాను. చూడడమే కాదు, పదిమందికీ బిగ్గరగా చదివి వినిపించాను. ఆ తరువాత జరిగినదానిలో నా వంతు ఎంతో చెప్పుకోవడానికీ, ఆ మాటకు అసలు అర్థమేమిటో చెప్పడానికీ ఇది వ్రాస్తున్నాను.

మా అమ్మగారి పుట్టినూరు కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు ఒక చిన్న పల్లె. వేసవి సెలవులన్నీ అక్కడే గడిచేవి. ఊరికి పడమట ఒక చెరువు, చెరువుకట్టమీద తూము పక్కన నిలువెత్తు బండరాయి. దాని తలమీద సూర్యుడు, చంద్రుడు, కింద పది పన్నెండు పంక్తుల వ్రాత ఉండేవి. పశువులు ఒళ్లు రుద్దుకొని ఒక పక్క అక్షరాలు అరిగిపోయాయి. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు. తాతగారి బీరువాలో ఒక పాత పుస్తకం ఉండేది. అందులో తెలుగులిపి శతాబ్దాల పొడుగునా ఎట్లా మారుతూ వచ్చిందో చూపే పట్టిక ఒకటి ఉంది. దానిని నోటుపుస్తకంలోకి ఎక్కించుకొని, ఇంట్లోంచి గుప్పెడు జొన్నపిండి తీసుకొని చెరువుకట్టకు పోయాను. అక్షరాలలో పిండి రుద్దితే తెల్లగా తేరాయి. విజయనగర కాలపు లిపి మన లిపికి అంత దూరం కాదు. తలకట్లు, ఒత్తులు కొంచెం వేరు, అంతే. ‘శ్రీ’ తెలిసింది. ‘శక వరుషంబులు’ తెలిసింది. అంకెలు తెలియలేదు. ‘చెరువు’ తెలిసింది. కింది పంక్తులలో ఒకచోట ఒత్తు లేని ద తో ‘నిది’, దాని పక్కనే ‘నిక్షేప’ కనిపించాయి.

అప్పటికి నా చుట్టూ పదిమంది చేరారు. గొర్రెలు కాసే ఒక పెద్దాయన “ఏముంది అబ్బీ అందులో?” అని అడిగాడు. నేను గర్వంగా “నిధి నిక్షేపం అని ఉంది తాతా” అన్నాను. ఆ క్షణంలో అందరూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తున్నది. అంతవరకూ బస్తీనుంచి వచ్చిన పిల్లవాణ్ణి. ఆ మాటతో పండితుణ్ణయ్యాను.

మరుసటి అమావాస్య దాటాక ఆ రాయి మూడు ముక్కలై పడి ఉంది. అది నిలిచినచోట మనిషిలోతు గొయ్యి. గొయ్యిలో నిమ్మకాయలు, కుంకుమ. ఎవరు తవ్వారో ఊళ్లో ఎవరికీ తెలియదన్నారు. చదివినవాడెవరో మాత్రం అందరికీ తెలుసు. ఆ గొయ్యిని సరిగా పూడ్చనందువల్ల ఆ ఏటి వానలకు కట్ట అక్కడే జారింది. ఊరివాళ్లు రాత్రికి రాత్రి మట్టితట్టలు మోసి చెరువును నిలబెట్టుకొన్నారు. రాతిముక్కలను కూడా ఆ గండిలోనే వేసి పూడ్చారు.

చాలా ఏళ్ల తరువాత నా నోటుపుస్తకంలోని కాగితాన్ని శాసనాలు చదవడంలో జీవితం గడిపిన ఒక పెద్దాయనకు చూపించాను. నేను ఎక్కించుకొన్నవి ఆరేడు మాటలే. ఆయన ‘నిది నిక్షేప’ అన్నచోట వేలు పెట్టి, “దీని తరువాత ఏముందో చూడలేదా నాయనా?” అన్నారు. చూడలేదన్నాను. “జల, పాషాణ అని ఉండి ఉండాలి. ఆ తరువాత అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్య. నీవు చదివింది తప్పు కాదు, ఆపింది తప్పు” అన్నారు.

ఇవే అష్టభోగాలు. విజయనగర కాలపు దానశాసనాలలో తరచు కనిపించే మాటలివి. రాజుగాని, నాయకుడుగాని ఒక భూమిని దానమిచ్చేటప్పుడు ఏమేమి హక్కులతో ఇస్తున్నాడో ఈ ఎనిమిది మాటలలో చెప్పేవారు. నిధి అంటే భూమిలో పూర్వులెవరో పాతిపెట్టిన ధనం. నిక్షేపం అంటే దాచి ఉంచిన సొత్తు. జలం అంటే నీళ్లు. పాషాణం అంటే రాయి, రప్ప, గని. మిగిలిన నాలుగూ ఆ భూమినుంచి తరగకుండా వచ్చేవి, ఇకముందు రాబోయేవి, ఇప్పటికే సాగై ఫలిస్తున్నవి, ఇకమీదట సాగుచేసి సాధించుకోగలిగినవి. ఆ భూమిలో ఏది ఉన్నా, ఎప్పుడు బయటపడినా అది పుచ్చుకొన్నవాడిదే, ఇచ్చినవాడు మళ్లీ వచ్చి అడగడు అని దాని తాత్పర్యం. ఇది కేవలం దస్తావేజు భాష. రాజ్యాలు పోయిన తరువాత కూడా ఇది పోలేదు. మన తాతముత్తాతల క్రయపత్రాలను తీసి చూడండి, ‘నిధి నిక్షేప జలతరు పాషాణ’ అంటూ ఇదే వరుస కనిపిస్తుంది. అరెకరం మెట్టచేను అమ్మినవాడు కూడా నిధినిక్షేపాలతో సహా అమ్మాడు. ఆ చేలో నిధి ఉందని అతనూ అనుకోలేదు, కొన్నవాడూ అనుకోలేదు.

కనుక రాతిమీద నిధి అన్న మాట ఉండడం నిజమే. కాని అది హక్కు, చిరునామా కాదు.

ఆ రాయి తూము పక్కన ఉండడాన్నిబట్టి అది దశబంధపు శాసనం కావచ్చునని ఆ పెద్దాయన అన్నారు. చెరువు కట్టించినవారికి, దానిని బాగు చేయిస్తూ ఉండేవారికి ఆ చెరువుకింద కొంత భూమిని మాన్యంగా ఇవ్వడం రాయలసీమలో పాత ఆచారం. దానినే దశబంధం అంటారు. అదే నిజమైతే చెరువు ఎవరు కట్టించారో, ఏ సంవత్సరంలో కట్టించారో ఆ రాతిమీద ఉండి ఉండాలి. ఇప్పుడు మా అమ్మగారి ఊరివాళ్లకు తమ చెరువు ఎవరు కట్టించారో తెలియదు. తెలిసే వీలు కూడా లేదు.

అప్పటినుంచి నేను ఏ ఊరు పోయినా అక్కడివారు నిధి గుర్తులని చెప్పుకొనేవాటిని చూసి వస్తున్నాను. నేను చూసినంతలో వాటి అసలు సంగతులివి.

సూర్యచంద్రులు నూటికి తొంభై శాసనాల తలమీద ఉంటాయనిపిస్తుంది. సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లుతుందని వాటి అర్థం. ఆచంద్రార్కం అన్న మాటకు అవి బొమ్మలు. అక్షరం రానివాడు కూడా చూసి తెలుసుకోవాలని చెక్కినవి. శంఖచక్రాలుగాని, గొడుగు కమండలం పట్టిన వామనుడుగాని ఉంటే అవి దానభూమికి పాతిన హద్దురాళ్లు. త్రిశూలం ఉంటే శివాలయపు మాన్యం. కత్తి దూసి నిలబడినవాడు వీరగల్లులోని వీరుడు. ఊరి పశువులను దొంగలనుంచి విడిపించబోయో, యుద్ధంలోనో చచ్చిపోయినవాడికి ఊరు నిలిపిన జ్ఞాపకం. గాజులు తొడిగిన చెయ్యి పైకెత్తి ఉంటే అది సతిరాయి. ఐదు మూరల లోతుకూ ఆ ఐదు వేళ్లకూ సంబంధం లేదు. అవి మంటలోకి నడిచిన ఒక ఆడమనిషి వేళ్లు. పెనవేసుకొన్న పాములు సంతానం కోసం ప్రతిష్ఠించిన నాగశిలలు.

బండమీద ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు గీసి, వాటిని అడ్డగీతలతో కలిపి ఉంటే దానిని యంత్రం అంటారు. అది మన నవకంకరి, కొన్నిచోట్ల దాడి అనే ఆట. రెండు వరుసల గుంటలు వామనగుంటలు. గొర్రెలు కాసేవారూ, గుడిమంటపాలలో పొద్దుపుచ్చినవారూ చెక్కుకొన్నవి. గుండుమీద ఒకే వరుసలో, ఒకే ఎడంతో నలుచదరపు గుంటలుంటే అవి వడ్డెరలు మేకులు దిగగొట్టి రాతిని చీల్చబోయిన ఆనవాళ్లు. ఏ కారణంచేతనో పని సగంలో ఆగిపోయింది. కొండకొమ్మున బండమీద వలయం, దాని నడుమ చుక్క ఉంటే అది సర్వేవారి గుర్తు కావచ్చు. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే మన కొండలమీదుగానే ఉత్తరానికి సాగింది. ఆ వలయం మధ్యన చుక్కమీద యంత్రాన్ని నిలిపి దూరపు కొండలను కొలిచారు. దాని కింద ఉన్నది కొండే.

ఇవన్నీ చెప్పగలిగినవి. చెప్పలేనివీ ఉన్నాయి. కృష్ణాతీరాన నారాయణపేట జిల్లాలోని ముడుమాల్‌లో బృహచ్ఛిలాయుగపు నిలువురాళ్లున్నాయి. వాటిలో కొన్ని రెండు నిలువులకు పైబడిన ఎత్తు. అక్కడే ఒక బండమీద చిన్నచిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. దారిన పోయేవాడికి అవి అర్థంలేని గుంటలు, నిధివేటగాడికి లెక్కపెట్టవలసిన గుర్తులు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె. పి. రావుగారు వాటి అమరికను పరిశీలించి అది సప్తర్షిమండలమని గుర్తించారు. ఆ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఎవరో ఒకరు ఆ గుంటలకింద తవ్వి బండను దొర్లించి ఉంటే, మన నేలమీద అన్నేళ్ల కిందట ఆకాశాన్ని రాతిలోకి దించుకొన్నవారున్నారన్న సంగతి మనకు తెలిసేదే కాదు.

గుర్తులో తమ కోరికను చదువుకోవడం మన పల్లెలకే పరిమితమైన జబ్బేమీ కాదు. బీహారులోని రాజగృహంలో, అనగా ఇప్పటి రాజ్‌గీర్‌లో, సోన్ భండార్ అనే గుహలున్నాయి. బంగారు భాండాగారమని ఆ పేరుకు అర్థం. గోడలో తలుపు ఆకారం ఉందనీ, దాని వెనక బింబిసారుడి ఖజానా ఉందనీ, గోడమీది వ్రాతను చదవగలిగితే తలుపు తెరుచుకొంటుందనీ అక్కడివారు చెబుతారు. దొరలు ఫిరంగితో పేల్చినా పగలలేదంటూ ఒక మచ్చను కూడా చూపిస్తారు. అక్కడ శంఖలిపి అనే వ్రాత ఉన్నమాట నిజమే, ఆ లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేదన్నదీ నిజమే. కాని గుహవాకిట బ్రాహ్మీలిపిలో ఇంకొక శాసనం ఉంది. దానిని చదివారు. వైరదేవుడనే జైనముని తపస్వులకోసం ఆ గుహలను తొలిపించాడని అందులో ఉన్నది. సర్వం విడిచిపెట్టినవారు కూర్చోవడానికి తొలిచిన గదిని రాజు బొక్కసం చేశాము. చదవగలిగినదాన్ని వదలి, చదవలేనిదానిమీద ఆశ పెట్టుకొన్నాము.

మనవైపుకు వద్దాము. పత్తికొండ, తుగ్గలి ప్రాంతాలలో తొలకరి పడగానే జనం పనులు మానుకొని ఎర్రనేలల్లో వజ్రాలు వెతుకుతారు. అక్కడి జొన్నగిరినే అశోకుడినాటి సువర్ణగిరిగా కొందరు చరిత్రకారులు గుర్తించారు. ఊరిపేరులోనే బంగారం ఉన్నప్పుడు నిధివేటకు కొదవేమిటి? ఆ తుగ్గలి మండలంలోనే చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారుల సమక్షంలోనే నిధికోసం తవ్వకాలు మొదలైనాయి. ఇటుకలు బయటపడ్డాయి, ఎముకలు బయటపడ్డాయి. నిధి లేదు. అంతకు నాలుగేళ్ల ముందు, 2013 అక్టోబరులో, ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేరాలో ఒక సాధువుకు కల వచ్చిందని వేయి టన్నుల బంగారం కోసం పురావస్తు శాఖవారే తవ్వారు. అక్కడా లేదు. కనుక చదువురాని పల్లెవాళ్లను నవ్వే అర్హత మనకు లేదు.

ఆ చెన్నంపల్లికి దగ్గరలోనే, ఎర్రగుడి గుండ్లమీద 1929 ప్రాంతంలో భూగర్భశాస్త్రవేత్త అనూ ఘోష్ కంటబడిన వ్రాతలున్నాయి. అవి అశోకుడి పద్నాలుగు ధర్మలిపులు, వాటితోపాటు ఒక చిన్న శాసనం. ఆ చిన్నదానిలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకూ నడుస్తాయి, కాడి తిప్పిన ఎద్దుల సాలులాగ. రెండువేల రెండువందల ఏళ్లకు పైగా అవి ఆ ఎండలో ఉన్నాయి. ఆ రాళ్లమీద ఉన్నదేమిటి? మనుషులకూ పశువులకూ వైద్యం చేయించాననీ, మూలికలు లేనిచోట తెప్పించి నాటించాననీ, దారులపక్కన బావులు తవ్వించాననీ ఒక రాజు చెప్పుకొన్నాడు. తల్లిదండ్రుల మాట వినమన్నాడు.

మస్కిది ఇంకా విచిత్రమైన సంగతి. ఇప్పుడు కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉంది గాని అప్పట్లో అది నైజాము రాజ్యం. 1915లో బీడన్ అనే బంగారుగనుల ఇంజనీరు అక్కడ ఒక గుండుమీద వ్రాతను చూశాడు. బంగారం వెతకడమే ఆయన ఉద్యోగం. కాని ఆయన గుండుకింద తవ్వించలేదు, వ్రాత సంగతిని తెలిసినవారికి తెలియజేశాడు. హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని చదివి ప్రకటించారు. అంతవరకు దొరికిన శాసనాలలో ‘దేవానాంప్రియ ప్రియదర్శి’ అని మాత్రమే ఉండేది. ఆ రాజు అశోకుడే అని సింహళ గ్రంథాల సాయంతో ఊహించుకోవలసి వచ్చేది. మస్కి గుండు మొదటిసారి అశోకుడన్న పేరును రాతిమీద చూపించింది. ఆ బంగారుగనుల ఇంజనీరు చేసిన పనీ, మా ఊరి చెరువుకట్టమీద నేను చేసిన పనీ పక్కపక్కన పెట్టి చూసుకొన్నప్పుడల్లా నాకు తల వంగిపోతుంది.

నిధి నిజంగా దొరికితేనో? దానికీ మన పెద్దలు లెక్క వ్రాసే ఉంచారు. గని, రత్నం, నిధి చూపినవాడికి ఆరోవంతు, వాడు రాజభృత్యుడైతే పన్నెండోవంతు, లక్షకు మించిన నిధి రాజుదే అని అర్థశాస్త్రం చెప్పింది. తెల్లదొరలు 1878లో నిధినిక్షేపాల చట్టం చేశారు. దాని ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు వ్రాతమూలకంగా తెలపాలి. తెలపకుండా దాచినవాడికి ఏడాదిదాకా జైలు పడవచ్చు. ఇతరులెవరికీ హక్కు లేదని తేలితే దొరికినవాడికి మూడువంతులు, నేల సొంతదారుకు ఒకవంతు. అంటే నిజాయితీగా చెప్పినవాడికి చట్టం ఎక్కువభాగమే ఇస్తానన్నది. అమావాస్య చీకటీ, అంజనాలూ, ఎదురుకాళ్లతో పుట్టిన బిడ్డకోసం వెతుకులాటా, బలులూ ఎందుకో నాకు అర్థం కాదు. ఈ పిచ్చిలో రాళ్లే కాదు, పసివాళ్ల ప్రాణాలు కూడా పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాము.

చదువరులకు నా మనవి ఒకటే. మీ ఊరి చెరువుకట్టమీదనో, గుడివెనకనో, పొలంగట్టుననో వ్రాత ఉన్న రాయి ఉంటే, ఈసారి ఊరికి పోయినప్పుడు దానిని చూసి రండి. పిండి రుద్దకండి, సున్నం పూయకండి, గీకకండి. పొద్దున్నే గాని సాయంత్రం గాని ఎండ ఏటవాలుగా పడేటప్పుడు అక్షరాలు వాటంతటవే లేచి కనబడతాయి. అప్పుడు ఛాయాచిత్రం తీయండి, ముక్కలుగా కాక రాయి అంతా వచ్చేటట్టు తీయండి. అది ఎక్కడ నిలబడి ఉందో కూడా వ్రాసుకోండి. పురావస్తుశాఖవారికో, విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పేవారికో పంపండి. వారు తడికాగితం పరచి, బ్రష్షుతో తట్టి, సిరా అద్ది అచ్చు తీసుకొంటారు. ఆ అచ్చు ఒక్కటి ఉంటే రాయి పోయినా వ్రాత ఉంటుంది.

చుట్టూ చేరినవారెవరైనా “ఏముంది అందులో?” అని అడిగితే, చివరి పంక్తిదాకా చదవనిదే జవాబు చెప్పకండి. చదివిన తరువాత మాత్రం తప్పకుండా చెప్పండి. ఎవరు ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో, ఏ చెరువో చెప్పండి. అట్లా తెలిసిన రాతిని ఊరే కాపాడుకొంటుంది.

పోయిన సంక్రాంతికి మా అమ్మగారి ఊరికి వెళ్లాను. చెరువు నిండుగా ఉంది. గండి పూడ్చినచోట గడ్డి ఒత్తుగా మొలిచింది. ఆ మట్టికింద ఎక్కడో మూడు రాతిముక్కలున్నాయి. వాటిమీద ఈ చెరువు కట్టించినవాడి పేరు ఉంది. ఆ ఊళ్లో నాకు తెలిసిన నిక్షేపం అదొక్కటే. దానిని పాతిపెట్టించినవాణ్ణి నేనే.